పొగకు కుట్టిన లైనింగు

బూడిదరంగు గుడ్డని బకెట్లోంచి తీసి, నీళ్లు పిండి, ఒక అంచుని బల్ల మీద పరిచి, కత్తెరమ్మ దాని మీద తెల్లపీలికతో గట్టిగా రుద్దింది. పీలికని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. తెల్లగానే ఉంది. ఇంకోచోట రుద్దింది. అప్పుడూ తెల్లగానే ఉంది. ఆ తరువాతే ఆ గుడ్డని తన ఇంట్లో ఉండదగిన గుడ్డగా ఒప్పుకుంది.

ఇది ఆవిడ పద్ధతి. ఎవరు ఏ గుడ్డ తెచ్చినా ముందు నానాలి, తరువాత పీలికతో పరీక్ష పాసవ్వాలి. పీలికకి రంగు అంటిందో, ఆ గుడ్డ తెచ్చినవాళ్ల చంకలోకే తిరిగి వెళ్తుంది. ‘ఏం పరవాలేదు, అలాగే కుట్టేయండి’ అనేవాళ్లు కూడా ఉంటారు. అలాంటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటుంది. సూదులు నోట్లో ఉన్న మనిషి జవాబు చెప్పనక్కర్లేదు. ఆ వీధిలో సగం తగువులు ఆ సూదుల పుణ్యమా అని మొదలవకుండానే ఆగిపోయాయి.

కుట్టుపని ఆవిడకి ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో మొగుడి చొక్కా ఒకటి తీసుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కల్ని నేల మీద పరిచి, వాటిని చూస్తూ కూర్చుని, మళ్లీ కుట్టింది. కుడిచెయ్యి ఎడమకీ ఎడమచెయ్యి కుడికీ వచ్చాయి. ఆయన లారీ డ్రైవరు. ఈ చొక్కా ఎందుకో భుజాల దగ్గర వెనక్కి లాగుతోందే అనుకుంటూనే వారమంతా అదే తొడుక్కుని లారీ నడిపాడు. ఆ చొక్కాని ఆవిడ మళ్లీ విప్పింది, మళ్లీ కుట్టింది. గుడ్డ చిరిగి చేతికొచ్చేసరికి పని వచ్చేసింది. ఇప్పుడు ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని పక్కన రెండు పెట్టెల మీద పడుకోబెట్టిన పాత తలుపు. అదే కత్తిరించే బల్ల. తలుపుకి గడియ ఇంకా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు దానికి తట్టుకుని చొక్కాలు చింపుకుంటారు, అక్కడే కుట్టించుకుని వెళ్తారు. గడియ ఎందుకు తీయించవని అడిగితే అది దాని చోటేనంటుంది.

బూడిదరంగు గుడ్డ మాత్రం చొక్కాకి కాదు. పొగకి.

ఆవిడ చెల్లెలి కూతురు ఒక చిన్న బళ్లో చంటిపిల్లల తరగతికి టీచరుగా చేరింది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. పని చూస్తాం, తరువాత చెబుతాం అన్నారు. చూస్తున్నది పెద్ద టీచరు. ఆవిడకి ఈ ఏడాది కాలుష్యం మీద దృష్టి పడింది. చిన్నవాళ్లకే చెప్పాలి, పెద్దవాళ్లకి చెప్పి లాభం లేదని తేల్చింది. ఆ తేల్చిన సమావేశంలో అందరూ ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగి, ప్లాస్టిక్ వాడకం గురించి చాలా బాధపడి, కప్పుల్ని కిటికీ కిందకి విసిరి ఎవరి క్లాసుకి వాళ్లు వెళ్లారు.

చంటిపిల్లల తరగతి గోడకి ఒక చార్టు అతికించారు. దాని మీద ‘పర్యావరణ కాలుష్యం – కారణాలు, ప్రభావాలు, నివారణోపాయాలు’ అని రాసి ఉంది. ఆ తరగతిలో అక్షరాలు వచ్చినవాళ్లు ఇద్దరు. వాళ్లకి కూడా ‘అ’ నుంచి ‘ఊ’ వరకే వచ్చు. అయినా పాఠం జరిగింది. పాఠం అయ్యాక కాలుష్యం ఎక్కడుందని అడిగితే పిల్లలందరూ చక్కగా చెయ్యెత్తి గోడ వైపు చూపించారు. అది గోడ మీద ఉంది. కదలకుండా, ఎవరినీ ఏమీ అనకుండా, నాలుగు మూలలా అతికించి ఉంది. ఒక పిల్ల దానికి రోజూ టాటా కూడా చెప్పి ఇంటికెళ్లేది.

అందుకని నాటకం వేయిద్దామని చెల్లెలి కూతురే అంది. ఒక పిల్ల చెట్టు, కొంతమంది గాలి, కొంతమంది నీళ్లు. వాళ్లందరూ ఆడుకుంటూంటే పొగ వస్తుంది. పొగని చూసి అందరూ భయపడాలి, ‘పో, పో’ అనాలి. బడి కమిటీవాళ్లు చూడటానికి వస్తారు. పెద్ద టీచరు సరేనంది. సరేనన్నదంటే తప్పు జరిగితే ఎవరిదో ఇప్పుడే తేలిపోయిందని అర్థం.

బట్టలు పెద్దమ్మ కుట్టాలి. పెద్దమ్మ అంటే కత్తెరమ్మే.

చెట్టుని ఆవిడ మధ్యాహ్నం అన్నం ఉడికేలోగా కుట్టేసింది. ఆకుపచ్చ గుడ్డతో ఒక గొట్టం, పైన తలకి ఒక కన్నం. కుట్టడానికి ఏముందందులో. గాలికీ నీళ్లకీ తెల్లటి పొడుగుచేతుల చొక్కాలు, ఆ పనీ అంతే. పొగ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతులు ఆగలేదు. పొగని ఇంతవరకు ఎవరూ కుట్టలేదు. కింద ముదురు బూడిద, దాని మీద కాస్త లేత, ఆ పైన ఇంకా లేత, ఒకదాని మీద ఒకటి కుచ్చులు వేసింది. ప్రతి కుచ్చునీ ఏటవాలుగా కత్తిరించింది. వేసుకున్న పిల్ల గిర్రున తిరిగితే కుచ్చులన్నీ లేచి, గుండ్రంగా చుట్టుకుని, మెల్లగా దిగాలి. మొగుడికి చీపురు చేతికిచ్చి, చీపురుకి గౌను తొడిగి, తిప్పించి చూసింది. ఆయన తిప్పాడు. అచ్చం తన లారీ పొగలాగే ఉందన్నాడు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు ఎప్పుడూ వినపడలేదు.

మొదటి రిహార్సలు నాటి సంగతి సాయంత్రం చెల్లెలి కూతురు వచ్చి చెప్పింది. బల్ల అంచున కూర్చుని, కాళ్లు ఊపకుండా చెప్పింది. ఆ పిల్ల కాళ్లు ఊపకపోతే విషయం బాగాలేదని పెద్దమ్మకి తెలుసు.

పొగ వేషం బొంగరానికిచ్చారట. బొంగరం అంటే ఒక్కచోట నిలబడని పిల్ల, అందుకే ఆ పేరు. అది గిర్రున తిరిగింది. కుచ్చులు లేచాయి. అంతే, తరగతి తరగతంతా నోరు తెరిచేసింది. గాలి తన చొక్కా విప్పేసి నేనూ పొగే అంది. నీళ్లు ఏడ్చాయి. చెట్టు వేషం నసపిట్టది. ఆ పిల్లాడు దేనికైనా నస పెడతాడు గానీ ఈసారి కారణం ఉంది. గొట్టంలో చేతులు పైకి లేవక, ముక్కు తుడుచుకోలేక, నిలబడి నిలబడి ఏడ్చాడు. బొంగరం తిరుగుతూ తిరుగుతూ వాడికి గుద్దుకుని పడిపోయింది. ఇందులో చెడ్డవాళ్లెవరని టీచరు అడిగితే పిల్లలందరూ ఒకే గొంతుతో చెట్టు అన్నారు. పొగకి అడ్డొచ్చింది కదా మరి.

ఆ సమయంలోనే పెద్ద టీచరు గుమ్మంలోకి వచ్చింది. పిల్లల్ని ముద్దుగా, మనకి పొగంటే ఇష్టమా అని అడిగింది. ఇష్టం అన్నారు. వినపడలేదనుకుని మళ్లీ అడిగింది. ఇంకా గట్టిగా అన్నారు. ఆ తరగతి అంత చక్కగా కలిసి జవాబు చెప్పడం అదే మొదటిసారి.

పెద్ద టీచరు కేకలు వేసే మనిషి కాదు. చెల్లెలి కూతురిని పక్కకి పిలిచి, కమిటీ ముందు కూడా ఇదే జవాబు వస్తే నీకు తగిన ఉద్యోగం ఇంకెక్కడైనా చూసుకోవడమే నీకు మంచిదమ్మా అని చాలా ప్రేమగా చెప్పింది.

కత్తెరమ్మ నోట్లో సూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది.

“కుచ్చులు లేచాయా?”

“లేచాయి పెద్దమ్మా.”

“మెల్లగా దిగాయా?”

“దిగాయి. చెప్తున్నాను కదా, అదే గొడవ.”

దిగాయన్న మాటకి ఆవిడ మొహంలో మెరుపొచ్చింది. వెంటనే దాచుకుంది గానీ చెల్లెలి కూతురు చూడనే చూసింది. నా ఉద్యోగం పోతుంటే నీకు కుచ్చులు ముఖ్యమయ్యాయా అంది. ఉద్యోగం పోకుండా కుచ్చులు తీసేస్తాలే అంది కత్తెరమ్మ. గోనెసంచి లాంటిది కుట్టి ఇస్తా, ఎవరూ ఇష్టపడరు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. గోనెసంచి వేస్తే పొగని చూసి నవ్వుతారు, గోనెసంచి చెడ్డదని నేర్చుకుంటారు. వాళ్లకి చెప్పాల్సింది అది కాదు. చార్టు చూసి కాలుష్యం గోడ మీద ఉంటుందనుకున్నవాళ్లు, గౌను చూసి కాలుష్యం గౌనులో ఉంటుందనుకుంటారు. అది వచ్చి మన మీద పడుతుందనీ పడితే పోదనీ తెలియాలి.

 ఆ మాట అన్నాక, అసలు అడగడానికి వచ్చినది అడిగింది.

“రంగు అంటించే గుడ్డ కావాలి పెద్దమ్మా. ముట్టుకుంటే అంటాలి.”

ఆ ఇంట్లో అలాంటి మాట ఇంతకు ముందెవరూ అనలేదు. కత్తెరమ్మ గబుక్కున సూదులన్నీ మళ్లీ నోట్లో పెట్టుకుంది. చెల్లెలి కూతురు ఆ సూదుల్ని చూసి భయపడే వయసు దాటిపోయింది. అవి బయటికి వచ్చేదాకా కూర్చుంది.

“నా చేత్తో కుట్టిన బట్టకి రంగు పోతోందని ఎవరైనా అన్నారా ఇన్నాళ్లలో?”

“అనలేదు. అందుకే నిన్నడుగుతున్నాను. చేతకానివాళ్ల దగ్గరికి వెళ్తే ఒకచోట అంటుతుంది, ఒకచోట అంటదు.”

అది పొగడ్తో తిట్టో కత్తెరమ్మకి తేలలేదు. 

అంతవరకు గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులకి అంటిన గ్రీజు గీకుతున్న లారీ ఆయన అప్పుడు నోరు తెరిచాడు. ఆయనకి లోకంలో ఏ విషయం మీదైనా ఒక అభిప్రాయం ఉంటుంది, అది ఎప్పుడూ లారీ దగ్గర మొదలై లారీ దగ్గరే ఆగుతుంది. పొగ అంటూ జనం ఊరికే గోల చేస్తారన్నాడు. పోలీసు ఆపి, నీ బండి పొగ కక్కుతోంది తెలుసా అని అడుగుతాడు. తనకెలా తెలుస్తుంది.

“ఇన్నేళ్లు నడిపాను. నా బండి పొగ నాకెప్పుడూ తగల్లేదు. వెనక వచ్చేవాళ్లకే తగుల్తుంది.”

చాలా గర్వంగా చెప్పాడు. తన నడుపుడులోనే ఏదో గొప్పతనం ఉన్నట్టు.

కత్తెరమ్మ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఆవిడ ఆలోచించేటప్పుడు అలాగే చేస్తుంది. ఆఖరికి చెల్లెలి కూతురితో, పైగుడ్డ నువ్వడిగినట్టు చేస్తాను, లోపల మాత్రం లైనింగు వేస్తానంది. వేసుకున్న పిల్లకి చిటికెడు కూడా అంటకూడదు. లారీ ఆయన మెచ్చుకుంటూ తలూపాడు. తన మాటకి విలువ దొరికిందనుకున్నాడు. నిజంగా దొరికింది కూడా. ఎందుకు దొరికిందో తెలియకపోవడమే ఆయన అదృష్టం.

మర్నాడు పని మొదలైంది. రంగునీళ్లు పనికిరావు, పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. కట్టెబొగ్గు అయితే పళ్లు తోముకునేదే, కడుపులోకి పోయినా కొంప మునగదు. దంచి, పల్చటి గుడ్డలో జల్లించింది. నూగున్న ముతక గుడ్డ ఒకటి తీసి, నానబెట్టకుండా, కత్తిరించింది. నానబెట్టకుండా కత్తెర పెట్టడం ఆవిడకి చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్లినట్టుంది. పొడిని గుడ్డకి రుద్దితే సగం గాల్లోకి లేచింది. ఆవిడ తుమ్మింది, కిటికీ తుమ్మింది, మిషను మీద నల్లటి పొర పడింది. ఇలా ఎగిరితే పిల్లల ముక్కుల్లోకి పోతుంది. ఎగరకూడదు, తాకితేనే అంటాలి.

గంజి కలిపి రాసింది. ఆరాక తెల్లపీలికతో రుద్దింది. పీలిక తెల్లగా వచ్చింది.

ఎన్నో ఏళ్లుగా తెల్లగా వచ్చిన పీలికని చూసి సంతోషించిన మనిషి, ఆ రోజు మొదటిసారి దాన్ని నేలకేసి కొట్టింది. జన్మకొక్క చెడ్డపని చేద్దామని కూర్చుంటే అదీ సరిగ్గా చేతకాలేదు. లారీ ఆయన అప్పుడే తొంగిచూసి, నల్లరంగు భలే గట్టిగా పట్టిందే అని మెచ్చుకున్నాడు. ఆ పూట ఆయనకి కూర లేకుండా అన్నం పెట్టింది.

గంజి తగ్గించింది. ఇంకా తగ్గించింది. పీలిక మీద ముందు బూడిదగీత వచ్చింది, తరువాత మసకగా, ఆఖరికి నల్లగా, మధ్యలో తన బొటనవేలి ముద్రతో సహా వచ్చింది. గుడ్డని దులిపి చూసింది, ఏమీ రాలలేదు. వేలితో ముట్టుకుంది, వేలు నల్లబడింది. అన్నిచోట్లా ఒక్కలాగే అంటుతోంది. భుజం దగ్గర ఎంతో అంచు దగ్గరా అంతే. అప్పుడు కుచ్చులు వేసింది. పాత గౌనుకన్నా బాగా వేసింది. చెడ్డపనైనా వంకర కుట్టు ఎందుకు కుట్టాలి.

లైనింగుకి మాత్రం ఇంట్లో ఉన్నవాటిలో మెత్తటి తెల్లగుడ్డ తీసింది. దాన్ని నానబెట్టింది, పీలికతో పరీక్ష చేసింది, ఇస్త్రీ చేసింది. మెడ దగ్గరా చేతుల అంచుల దగ్గరా లైనింగుని బయటికి మడిచి రెండు వరసల కుట్టు వేసింది, లోపలికి పొడి రాకుండా. చంకల దగ్గర పట్టకుండా కాస్త గుడ్డ ఎక్కువిచ్చింది. చెట్టు గొట్టాన్ని కూడా తెప్పించుకుని, పక్కలు విప్పి, చేతులు లేచేలా, ముక్కు అందేలా కుట్టింది. పచ్చగుడ్డ తీసేసి చాలా లేతరంగు గుడ్డ వేసింది. మచ్చ పడితే కనపడాలి కదా.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే గౌనుని పాత దుప్పట్లో చుట్టి తనే బడికి తీసుకెళ్లింది. తరగతి గుమ్మంలో పెద్ద టీచరు నిలబడి ఉంది. మంచి తెల్లటి బట్టలు కట్టుకుంది. కమిటీ పెద్దమనిషి కారు అప్పటికే వచ్చి బయట ఆగి ఉంది. లోపల కూర్చున్న ఆయనకి ఏసీ చల్లగా తగలాలని డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆ చప్పుడుకి కిటికీ తలుపులు సన్నగా వణుకుతున్నాయి.

ఆట మొదలయ్యేలోగా ఒకసారి చూద్దామని బొంగరానికి గౌను తొడిగింది కత్తెరమ్మ. మెడ సరిచేసి వదిలేసింది. బొంగరం తిరిగింది, కుచ్చులు లేచాయి, పిల్లలు నోళ్లు తెరిచారు, పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. తరువాత చేతులు చూసుకున్నారు. చేతులు చొక్కాలకి తుడుచుకున్నారు. అప్పుడు చొక్కాలు చూసుకున్నారు. గాలి పక్కనున్న గాలిని తుడవబోయింది, ఇద్దరూ నల్లబడ్డారు. నీళ్లు నీళ్ల కుండ దగ్గరికి పరిగెత్తి చేతులు ముంచాయి. కుండలో నీళ్లు నల్లబడ్డాయి. ఆ నీళ్లే తాగాలని గుర్తొచ్చి అందరూ టీచరు వైపు చూశారు.  టీచరు ముందురోజు రాత్రంతా ఏం చెప్పాలో బట్టీ పట్టింది గానీ ఇప్పుడు మాట్లాడితే చెడుతుందని ఊరుకుంది. ఆ పిల్ల తెలివి అక్కడుంది.

నసపిట్ట తన చెట్టుని చూసుకున్నాడు. నడుం దగ్గర అయిదు నల్లటి వేళ్ల ముద్రలు. వాడు బొంగరం దగ్గరికి వెళ్లి, దాని చేతి అంచు పట్టుకుని పైకి మడిచాడు.

“టీచర్, దీనికేం అంటలేదు. లోపల తెల్లగా ఉంది.”

అందరూ మూగారు. ఒక్కొక్కరే లోపలికి తొంగిచూశారు. బొంగరం మోచేతులు శుభ్రంగా ఉన్నాయి. అందరికీ అంటించినదానికి ఏం అంటకపోవడం ఏంటని పెద్ద గొడవ లేచింది. పెద్ద టీచరు సర్దిచెప్పబోయి మధ్యలోకి వచ్చింది. బొంగరం వెళ్లి ఆవిడ నడుం చుట్టేసుకుంది. తెల్లటి బట్టల మీద పొగ రెండు చేతులూ దిగాయి.

 బయట కారు ఇంజను తన పని తను చేసుకుపోతోంది.

పెద్ద టీచరు తన నడుం చూసుకుంది. చెల్లెలి కూతురి మొహంలో రంగు పోయింది. అయినా ఆవిడ పెద్ద టీచరు కదా, అడగాల్సింది అడగకుండా ఉండలేదు. మునుపటి ముద్దు లేదు గొంతులో.

“మనకి పొగంటే ఇష్టమా?”

ఈసారి ఎవరూ కలిసి చెప్పలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. నసపిట్ట ముక్కు తుడుచుకున్నాడు, ఇప్పుడు చెయ్యి అందింది కాబట్టి.

“నేను పొగవుతా. కానీ పొగ పక్కన నిలబడను.”

పెద్ద టీచరు ఏదో దిద్దబోయి ఆగింది. కిటికీలోంచి కారు వైపు చూసింది, తన బట్టల వైపు చూసింది. కమిటీ ముందు ఈ జవాబుని మార్చొద్దని చెల్లెలి కూతురితో అంది. ఆ గోడ మీది చార్టు తీసేయమంది, వచ్చే ఏడాది అలాంటివి రాయాలో వద్దో నువ్వే చూసుకోమంది. వచ్చే ఏడాది అన్న మాట విని చెల్లెలి కూతురు, పిల్లల్ని తాకి నల్లబడ్డ చేత్తోనే గోడని పట్టుకుంది. గోడ కూడా నల్లబడింది. పెద్ద టీచరు బట్టలు మార్చుకోకుండానే కారు దగ్గరికి నడిచింది. డ్రైవరుతో ఏం చెప్పిందో వినపడలేదు. కాసేపటికి కిటికీ తలుపులు వణకడం మానేశాయి.

కత్తెరమ్మ బొంగరం మీంచి గౌను తీసింది. లోపలిది బయటికి తిప్పింది. తెల్లటి లైనింగు పైకి వచ్చేసరికి అది ఏ పాపమూ ఎరగని బట్టలా కనిపించింది. అంచులు కలిపి, కుచ్చులు నలగకుండా మడిచి, నల్లబడ్డ పీలికని పైన పెట్టి, చెల్లెలి కూతురి రెండు చేతుల్లో పెట్టింది. ఆట మొదలయ్యాకే తిప్పమంది. ఉతకొద్దంది.

“ఎవరు కుట్టారని అడిగితే ఏం చెప్పను పెద్దమ్మా?”

“లైనింగు నేను కుట్టానని చెప్పు. పైగుడ్డ ఎవరిదో నాకు తెలీదను.”